వెనక చక్రం కింద రాయి

నేను ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లూ నర్సునో, రాళ్లు మోసే కూలీనో నాకే తేలలేదు. సూర్యాపేటలో మిషన్ వాళ్ల చిన్న దవాఖాన ఒకటి ఉండేది. దానికొక పాత కారు. వారంలో సగం రోజులు ఆ కారులో మందుల పెట్టెలు వేసుకుని కోదాడ వైపు, మిర్యాలగూడ వైపు ఊళ్లు తిరిగేవాళ్లం. వెళ్లేది ముగ్గురం. డాక్టరమ్మ, నేను, బండి తోలే పెద్దాయన. నాలుగోది నా కాళ్ల దగ్గర పడి ఉండే రాయి.

అది పగిలిన రోటి ముక్క. ఒక పక్క పల్చగా, ఒక పక్క మందంగా, చక్రం కింద దూర్చడానికే పుట్టినట్టు ఉండేది. కారు హ్యాండు బ్రేకు చదును నేల మీద పట్టుకునేది. కాస్త వాలు తగిలితే చాలు, మెల్లగా జారేది. అందుకని మాకొక పద్ధతి ఏర్పడింది. పెద్దాయన కాలితో బ్రేకు తొక్కి బండిని ఆపి ఉంచుతాడు. నేను తలుపు తీసుకుని, ఆ రాయి ఎత్తుకుని, వెనక్కి వెళ్లి చక్రం కింద పెడతాను. "పెట్టిన" అని కేక వేస్తాను. అప్పుడు గానీ ఆయన కాలు తియ్యడు. తెల్లచీర కట్టుకుని, చంకలో రోటి ముక్కతో దిగే నర్సును చూసి నిడమనూరు పిల్లలు "రాళ్ల నర్సమ్మ వచ్చింది" అని అరిచేవాళ్లు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఆ పిల్లలకే తర్వాత సూదులు వేసేదాన్ని కాబట్టి లెక్క సరిపోయేది.

పెద్దాయనకు అప్పటికి అరవై దాటి ఉంటాయి. కారు రాకముందు దవాఖాన పెట్టెలను ఎడ్లబండి మీద మోసినవాడు. కారు వచ్చాక ఎవరో నాలుగు రోజులు నేర్పితే పట్టుదలగా నేర్చుకున్నాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, గుంట భూమి లేదు. కారు పెట్టే షెడ్డులోనే ఒక మూల ఆయన మంచం. కారును ఆయన కారు అనేవాడు కాదు, బండి అనేవాడు. దానికి నీళ్లు పోసేటప్పుడు "దూపైంది దానికి" అనేవాడు. ఎండలో ఆపాల్సి వస్తే గోనెపట్టా తడిపి దాని ముందుభాగం మీద కప్పేవాడు. పాలిచ్చే గేదెనైనా అంత ముద్దుగా చూసుకోరు.

నేను చేరిన కొత్తలో ఆ బండి ఆగినప్పుడల్లా వెనక చక్రాలు కీచుమని ఏడ్చేవి. బజార్లో జనం తిరిగి చూసేవాళ్లు. దాని మీద నేను కూడా ఒకటి రెండు మాటలు అన్నట్టు గుర్తు. నెల తిరక్కుండా ఆ అరుపు ఆగిపోయింది. పీడ పోయింది అనుకున్నానే గానీ, ఎందుకు ఆగిందో అడగలేదు.

నేను చెప్పబోయేది సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు సంగతి. అంతకుముందు గొడవల్లో దూరపు ఊళ్లకు వెళ్లడం మానేశాం. దారులు కాస్త కుదుటపడగానే డాక్టరమ్మ ఆ ఊళ్లన్నీ మళ్లీ పట్టుకుంది. ఆమెది కృష్ణ అవతలి ఒడ్డు. మాట మెత్తన, మనిషి గట్టి. శుక్రవారం శుక్రవారం వాడపల్లి వెళ్లాలని నిర్ణయించింది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, ఏటి ఒడ్డుకు దిగే దారిలో ఒక వేపచెట్టు ఉంది. చుట్టుపక్కల నీడంటే అదే. కానీ అది వాలులో ఉంది. చెట్టుకు ఎగువన, ముక్కు మిట్ట వైపు పెట్టి బండిని ఆపేవాళ్లం. దిగువన, చెట్టు నీడలో జనం చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు.

రెండో శుక్రవారం అనుకుంటాను. నేను ఎప్పటిలాగే రాయి పెట్టి, కేక వేసి, పెట్టెలు దింపాను. పెద్దాయన బిందె తీసుకుని ఏటికి వెళ్లాడు. సూదులు ఉడకబెట్టాలి. కోడలిని చూపించడానికి వచ్చిన ఒక అవ్వ ఖాళీగా కనిపిస్తే, ఉన్న నీళ్లు గిన్నెలో పోసిచ్చి, జర పొయ్యి రాజేయమన్నాను. ఆ అవ్వ పుల్లలు ఏరుకొచ్చింది. రెండు రాళ్లు దొరికాయి. పొయ్యికి మూడు కావాలి. చుట్టూ చూసింది. నల్లగా, వెడల్పుగా, మంచి రోటి ముక్క మా చక్రం కింద కనిపించింది.

తర్వాత అడిగితే ఆ అవ్వ చెప్పిన మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు. "ఎడ్లు లేని బండి యాడికి పోతది బిడ్డా?"

రాయి తీశాక కాసేపు బ్రేకు మీదే నిలిచి, బండి చప్పుడు లేకుండా కదిలింది. నేను మందుల పెట్టె మీదికి వంగి ఉన్నాను. ఎవరో ఆడమనిషి "అయ్యో" అన్నది. తల ఎత్తేసరికి వెనక చక్రం ఒక చాప మీదికి ఎక్కి దిగుతోంది. చాప దాటి నాలుగు బారలు వెళ్లి, వేపచెట్టు మొదలుకు తగిలి ఆగింది. ఆ చాప మీద ఒక పసివాడిని పడుకోబెట్టి ఉన్నారు. బండి కదలడానికి కాసేపటి ముందే డాక్టరమ్మ వాడిని తూకం వేయడానికి ఎత్తుకుంది. వాడు ఆమె చేతుల్లోనే ఉన్నాడు. ఏడవడం కూడా లేదు. అవతల పొయ్యి మీద నీళ్లు మాత్రం చక్కగా మరుగుతున్నాయి.

పెద్దాయన బిందెతో తిరిగి వచ్చి చాప మీద చక్రం గుర్తు చూశాడు. చాలాసేపు చూశాడు.

మర్నాడు సూర్యాపేటలో డాక్టరమ్మ తానే దగ్గరుండి, పెద్దాయన చేత బండిని కార్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి తోలించింది. నేనూ వెంట ఉన్నాను. మేస్త్రీ కిందికి దూరి, బ్రేకు తీగను బాగా బిగించి, కొట్టు ముందు చదును నేల మీద తానే హ్యాండు బ్రేకు గుంజి, ఇద్దరు మనుషుల చేత తోయించాడు. బండి కదల్లేదు. చేతులు తుడుచుకుంటూ డాక్టరమ్మతో అన్నాడు.

"బ్రేకు మంచిగనే ఉందమ్మా. గుంజే చేతిల సత్తువుండాలె."

డాక్టరమ్మ పెద్దాయన చెయ్యి వైపు చూసింది. నయం కాదని తెలిసిపోయిన రోగిని ఆమె చూసే చూపు నాకు తెలుసు. అదే చూపు. దవాఖానకు తిరిగి వచ్చాక ఆయనను పిలిచి, ఎంతో మర్యాదగానే చెప్పింది.

"పెద్దాయనా, వచ్చే శుక్రవారం మళ్లీ వాడపల్లి వెళ్తాం. ఆ వాలులో రాయి లేకుండా బండి నిలబడాలి. నిలబడకపోతే నేను వేరే మనిషిని పెట్టుకోక తప్పదు. పసిపిల్లలతో పని."

ఆయన తల ఊపాడు. ఉద్యోగం పోతే ఆయనకు జీతమొక్కటే కాదు పోయేది. ఆ షెడ్డు మూల మంచం పోతుంది. ఆ వయసులో ఎవరు ఎడ్లబండి ఇస్తారు, ఎవరు చోటిస్తారు? ఆ సాయంత్రం మందుల గది కిటికీలోంచి చూస్తే, షెడ్డులో ఆయన ఒక్కడే బండిలో కూర్చుని హ్యాండు బ్రేకు గుంజుతున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ గుంజుతున్నాడు. నిజం చెప్పాలి కదా, నేను కూడా ఆయన చెయ్యి లోపమనే అనుకున్నాను. "జర గట్టిగ గుంజరాదు తాతా" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

సోమవారం కోదాడ వెళ్లాం. అక్కడ మాకొక పాత పెంకుటిల్లు ఇచ్చారు. రెండు మూడు రోజులు అక్కడే ఉండి రోగులను చూసేవాళ్లం. వాకిట్లోకి రాగానే వెనక చక్రంలో గాలి పోయింది. ఏదో మేకు దిగింది. డాక్టరమ్మ లోపలికి వెళ్లింది. పెద్దాయన చక్రం ఊడదీశాడు. నేను తాగడానికి నీళ్లు తెచ్చి ఇస్తూ పక్కన నిలబడ్డాను. చక్రం తీసిన చోట బ్రేకు ఉండే ఇనుప డ్రమ్ము పొయ్యి మీది పెనంలా కాగుతోంది. మేస్త్రీ బిగించిన బిగింపుకు దారి పొడుగునా లోపల రాసుకుంటూ వచ్చిందన్నమాట. దానిలోంచి ఒక వాసన వస్తోంది.

ఆముదం వాసన. అందులో నేను పొరపడే వీల్లేదు. కోదాడ పిల్లలకూ మిర్యాలగూడ పిల్లలకూ ముక్కులు మూసి ఆముదం పోసిన చేతులివి. ఆ వాసన నిద్రలోనైనా పసిగడతాను.

"తాతా, ఈ చక్రంల ఏం పోసినవ్?" అని అడిగాను.

ఆయన ఎంతో సంబరంగా చెప్పాడు. శనివారం శనివారం ఆముదం గోరువెచ్చగా కాచి, డ్రమ్ముకున్న సందులోంచి చక్రానికో గరిటె చొప్పున వెనక రెండు చక్రాలకూ పోస్తాడట. ఎడ్లబండి ఇరుసుకైతే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేస్తారు కానీ, ఇది డాక్టరమ్మ బండి కదా, మసి ఎందుకని వట్టి నూనే పోస్తున్నాడట. ముందు చక్రాలు ఏడవవు కాబట్టి వాటి జోలికి పోలేదట. మొన్నటి శనివారం, మేస్త్రీ దగ్గరి నుంచి వచ్చాక, చక్రాలు ఎండిపోయి ఉంటాయని ఇంకో గరిటె ఎక్కువ పోశాడట.

"చక్రం ఏడిస్తే బండోడికి సిగ్గు గద బిడ్డా" అన్నాడు.

నాకు బ్రేకుల సంగతి తెలీదు. కానీ నూనె రాసిన చేత్తో ఏదీ పట్టుకోలేమని తెలుసు. లోపలికి వెళ్లి ఖాళీ మందుసీసా ఒకటి తెచ్చాను. డ్రమ్ము అంచున కారుతున్న నూనె ఆయన అరచేతికి పూసి, సీసా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. నేను రెండు వేళ్లతో లాగితే వచ్చేసింది. మళ్లీ పట్టుకోమన్నాను. ఈసారి పళ్లు బిగించి పట్టుకున్నాడు. మళ్లీ వచ్చేసింది. ఆ డ్రమ్ము లోపల కూడా ఇట్లాగే ఏదో ఒకటి పట్టుకోవాలి కదా తాతా, నువ్వు దానికి వారం వారం నూనె రాస్తుంటే అదెట్లా పట్టుకుంటుంది అని అడిగాను. అడిగానేమిటి, అరిచాను. రెండేళ్లు మోసిన రాయి బరువంతా ఆ అరుపులో ఉంది.

ఆయన తన అరచెయ్యి చూసుకున్నాడు. దవాఖానలో కొడుకు చచ్చిపోయాడని చెప్పినప్పుడు కొందరు తండ్రులు అట్లా ఊరికే ఏదో ఒక వస్తువును చూస్తూ ఉండిపోతారు.

"అయితే ఆ పొల్లగాని సాప మీదికి బండిని తోలింది నేనే గద" అన్నాడు.

నాకు కోపం ఇంకా దిగలేదు. "ఎవరు జెప్పిండ్రు తాతా నీకు నూనె పొయ్యమని?" అని గద్దించాను. ఆయన ఒకసారి నా మొహం వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఎవరు చెప్తారు, నాకే తోచింది అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ ఊళ్లో ఒక కాన్పు కోసం ఆ ఊరి మంత్రసానిని తీసుకుని వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే మేము పనిలో పడ్డాం. పెద్దాయన రెండు చక్రాలూ ఊడదీసి, డ్రమ్ములు కొట్టి కొట్టి బయటికి లాగాడు. లోపల వంకీలు తిరిగిన రెండేసి ఇనుప రెక్కలు, వాటికి నేత పట్టీలు తాపడం చేసి ఉన్నాయి. ఆ పట్టీలు డ్రమ్మును ఒరుసుకుంటేనే బండి ఆగేది. అవి ఊరగాయ ముక్కల్లా నూనెలో నాని ఉన్నాయి. వాటిని పెట్రోలుతో కడిగాం. ఆరబెట్టాం. పెట్రోలు దూరంగా పెట్టించి, వాటిని నిప్పుల మీద చూపించాం. పట్టీల్లోంచి నూనె పొంగి, పొగలు పొగలుగా పోయింది. ఆ పొగకు పక్కింటావిడ వచ్చి, "ఏమండీ, ఎవరికైనా దిష్టి తీస్తున్నారా?" అని అడిగింది. అవునన్నాను.

శుభ్రమైందో లేదో తెలుసుకునే పద్ధతి మాత్రం నాది. పుండు మీద అద్దినట్టు, కట్లు కట్టే తెల్లగుడ్డను పట్టీ మీద అద్ది చూడటం. పసుపు మరక పడితే మళ్లీ కడగాలి. మూడుసార్లు పడింది. మూడుసార్లూ ఆయన మారు మాట్లాడకుండా మొదటినుంచీ మొదలుపెట్టాడు. నాలుగోసారి గుడ్డ తెల్లగానే వచ్చింది. ఇటుక ముక్కతో పట్టీలు గరుకుగా రుద్ది, డ్రమ్ముల లోపల తుడిచి, అన్నీ మళ్లీ బిగించి, తీగను మేస్త్రీ బిగించిన దానికంటే కాస్త వదులు చేశాడు.

డాక్టరమ్మకు ఏమీ చెప్పవద్దని నేనే ఆయనతో అన్నాను. ఎట్లాగూ బాగైంది, శుక్రవారం బండి నిలబడితే చాలు, నువ్వే పాడుచేశావని తెలిస్తే ఆమె ఊరుకోదు అన్నాను. ఆయన ఊఁ అనలేదు, ఉఁహూ అనలేదు.

బ్రేకు పట్టుకుంది. కానీ అరుపు తిరిగి వచ్చింది. పాత అరుపు దీని ముందు ఎందుకూ పనికిరాదు. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఎక్కడ ఆగినా ఊరంతా వినపడింది. ఆగిన ప్రతిసారీ పెద్దాయన భుజాలు ముడుచుకునేవాడు. మిర్యాలగూడ బజార్లో ఒక బండివాడు తన ఎడ్లను ఆపి మరీ, "ఓ తాతా, కందెన దొరుకుతలేదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన ముందుకు చూస్తూ తోలుకుపోయాడు. ఆ మోతేమిటని డాక్టరమ్మ అడిగితే, "బ్రేకమ్మా, ఇగ పట్టుకుంటది" అని మాత్రం అన్నాడు.

శుక్రవారం వాడపల్లి చేరాం. జనం ముందే వచ్చి ఉన్నారు గానీ, పోయిన వారం సంగతి ఎవరూ మరిచిపోలేదు. చాపలన్నీ చెట్టుకు అటు పక్క, దూరంగా పరిచారు. పొయ్యి అవ్వ కూడా ఉంది. బండి కీచుమని వాలులో ఆగింది. అలవాటు కొద్దీ నేను రాయి ఎత్తుకుని దిగాను. పెద్దాయన హ్యాండు బ్రేకు ఒంటిచేత్తో గుంజి, కాలు తీసి, కిందికి దిగాడు. వెనక్కి వచ్చాడు. నేను చక్రం దగ్గర వంగబోతుంటే, "వద్దు బిడ్డా, పెట్టకు" అన్నాడు. అని, పోయిన వారం ఆ చాప ఉన్న చోట, సరిగ్గా వెనక చక్రానికి ఎదురుగా, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ లేవమన్నది. ఆయన లేవలేదు. నేను రాయి పట్టుకుని నిలబడ్డాను. నాకు ఆ పట్టీలు తెల్లగుడ్డ మీద మరక వేయలేదని తెలుసు. అయినా నా కళ్లు ఆ చక్రం మీదినుంచి కదలడం లేదు. ఒక పిల్లవాడికి సూది వేసి, ఏడుపు మాన్పేంత సేపు గడిచి ఉంటుంది. బండి వెంట్రుకవాసి కదల్లేదు.

అప్పుడాయన కూర్చున్న చోటు నుంచే డాక్టరమ్మతో అందరూ వినేటట్టు చెప్పాడు.

"నా చేతిల సత్తువ లేక కాదమ్మా. రెండేండ్ల సంది చక్రంల ఆముదం పోసిన. అందుకే బ్రేకు జారింది. తప్పు నాదే. ఇప్పుడు కడిగిన, పట్టుకుంటున్నది. ఉంచుడో, తీసుడో ఇగ నీ ఇష్టం."

చెప్పవద్దన్నానే అని నాకు ఒళ్లు మండింది. డాక్టరమ్మ చక్రం దగ్గరికి వెళ్లి వంగి చూసింది. తర్వాత, "ఆముదం పొయ్యమని మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రెండేళ్ల కిందట, నేను చేరిన మొదటి నెల, మిర్యాలగూడ బజారు. తలనొప్పిగా ఉంది. బండి ఆగి చక్రాలు కీచుమన్నాయి, జనం తిరిగి చూశారు. నేను దిగుతూ, అందరి ముందూ, "ఎడ్లబండి తోలినోడివి, చక్రం ఏడుస్తుంటే కందెన పెట్టాలని తెల్వదా తాతా?" అన్నాను. బజారంతా నవ్వింది. ఆయన తల వంచుకుని మందుల పెట్టె ఎత్తుకున్నాడు. ఆ శనివారమే మొదటి గరిటె పోసి ఉంటాడు. కోదాడ వాకిట్లో ఎవరు చెప్పారని నేను గద్దించినప్పుడు ఆయన నా మొహం వైపు ఎందుకు చూశాడో ఇప్పుడు అర్థమైంది. ఆ చాప, చాప మీద చక్రం గుర్తు కళ్లముందు కదిలాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"ఎవరు జెప్పలేదమ్మా, నాకే తోసింది" అంటున్నాడు పెద్దాయన.

"అమ్మా" అని నేను నోరు తెరిచాను. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

పెద్దాయన నన్ను మాట్లాడనివ్వలేదు. లేచి ధోవతి దులుపుకుంటూ, పొయ్యి అవ్వ వైపు చెయ్యి చూపించాడు.

"అవ్వకు మూడో రాయి గావాలంట బిడ్డా. నీ చేతిలది ఇయ్యి."

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ పెట్టెలు దింపమన్నది. ఉంచుతాననీ అనలేదు, తీసేస్తాననీ అనలేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు, వచ్చే శుక్రవారం ఇంకాస్త పెందలాడే బయల్దేరాలి పెద్దాయనా అన్నది. అంతటితో ఆ సంగతి తేలిపోయింది. పెద్దాయన ఇయ్యమన్నప్పుడు నేను ఆ రోటి ముక్క తీసుకెళ్లి అవ్వకిచ్చాను. అవ్వ దాన్ని పొయ్యికి ఆనించి, ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే పొగ అన్నాను. ఇంకా పొయ్యి రాజేయలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు ఆయనే బండి తోలాడు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఎక్కడ ఆగినా ఆ వెనక చక్రాలు చెవులు చిల్లులు పడేటట్టు ఏడ్చేవి. నేను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.